రక్తపోటు 180 దాటితే...
మందుకు బాట వేసిన నగరం కోల్‌కతా

కోల్‌కతా: అధిక రక్తపోటుకు నమ్మదగిన మందంటూ లేని కాలమది. 1931లో ఈ నగరానికి చెందిన కవిరాజు గణనాథ్ సేన్, డాక్టర్ కార్తిక్ చంద్ర బోస్ ఒక వైద్యపత్రికలో వ్యాసం ప్రకటించారు. (వంగదేశంలో ఆయుర్వేద వైద్యులను కవిరాజులంటారు.) ఉన్మాదానికి నాటువైద్యులు తరతరాలుగా వాడుతూ వచ్చిన సర్పగంధ వేరు, రోగికి నిద్ర పట్టించడమే గాక రక్తపోటును సైతం తగ్గిస్తున్నదని వారు వెల్లడించారు. ఇదే నగరంలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఆర్.ఎన్.చోప్రా బృందం ఆ వేరుపై పరిశోధనలు సాగించింది. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ వైద్యపత్రికలో తన అనుభవాన్ని ప్రకటించిన తర్వాతగానీ ప్రపంచం దృష్టి దీనిపై పడలేదు. 1952లో స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. మనోవ్యాకులత వంటి దుష్ఫలితాల కారణంగా ఆ మందు క్రమేణా వెనుకబడింది. సర్పగంధ పొడిని సొంతంగా వాడటం నేటికీ ప్రమాదకరమే.

మందు లేని ఆ రోజులలో దేశాధినేతలకైనా గత్యంతరం ఉండేది కాదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రక్తపోటు 1944 మార్చిలోనే 186/108గా నమోదైంది. 1945 ఏప్రిల్ 12న తల వెనుక భాగంలో భరించరాని నొప్పి అంటూ ఆయన స్పృహ కోల్పోయారు. అప్పుడు రక్తపోటు 300/190. మెదడులో రక్తస్రావంతో అదేరోజు కన్నుమూశారు.

నేడు మందులకు కొరత లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన పురుషులలో 24 శాతం మందికి, స్త్రీలలో 21 శాతం మందికి రక్తపోటు అధికంగా ఉంది. వీరిలో పెక్కుమందికి ఏ బాధా ఉండదు. చిక్కంతా అక్కడే.

పై అంకె 180, లేదా కింది అంకె 120 దాటినప్పుడు చూడవలసింది అంకె ఒక్కదాన్నే కాదు, దానివల్ల అవయవాలకు హాని మొదలైందా అన్నది. ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క కాలూ చెయ్యీ పట్టు తప్పడం, మునుపెన్నడూ ఎరుగనంత తలనొప్పి, మతి కుదురులేకపోవడం, మూర్ఛ, వీపులో చీల్చినట్లు నొప్పి - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి తరలించాలి. గర్భిణుల విషయంలో 160/110 చేరితేనే అత్యవసరంగా పరిగణిస్తారు. తెలుగు రాష్ట్రాలలోనైతే 108 అంబులెన్సు ఉండనే ఉంది. రోగి తనంతట తాను స్కూటరు నడుపుకొంటూ బయలుదేరడం తగదు.

ఈ లక్షణాలేవీ లేకుంటే కంగారు అనవసరం. వెన్ను ఆనించి కూర్చుని, చేతిని గుండె ఎత్తున ఉంచి, అయిదు నిమిషాల విశ్రాంతి తర్వాత మళ్లీ కొలవాలి. అప్పటికీ అంకె దిగకుంటే ఆ రోజే వైద్యుని సంప్రదించాలి. వేసుకోవలసిన మాత్ర మరచిపోవడమే తరచుగా దీనికి కారణం. క్లోనిడిన్ వంటి కొన్ని మందులను హఠాత్తుగా మానివేస్తే పోటు మునుపటికన్నా ఎగబాకుతుంది.

ఇంట్లో ఉన్న మాత్రలు రెండు మూడు కలిపి మింగించడం కొందరికి అలవాటు. ఒకప్పుడు వైద్యులు సైతం నిఫెడిపిన్ గొట్టానికి సూదితో రంధ్రం చేసి నాలుక కింద మందు పిండేవారు. పోటు ఒక్కసారిగా పడిపోయి, పక్షవాతం, గుండెపోటు సంభవించిన ఉదంతాలు బయటపడటంతో ఆ పద్ధతిని నిలిపివేయాలని 1996లో అమెరికా వైద్యసంఘం పత్రికలో నిపుణులు కోరారు. హెచ్చుపోటుకు అలవాటుపడిన మెదడు ఆ హఠాత్ పతనాన్ని తట్టుకోలేదు. అందువల్లనే ఆస్పత్రులలో కూడా, కొన్ని ప్రత్యేక పరిస్థితులలో తప్ప, తొలి గంటలో నాలుగో వంతుకు మించి తగ్గించరు.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు రోజూ వాడే మాత్రల చీటీని, ఇంట్లో కొలిచిన అంకెలను, బాధ మొదలైన వేళను రాసుకుని వెంట తీసుకువెళ్లాలి. పక్షవాతమని అనుమానం కలిగినప్పుడు వైద్యుడు మొట్టమొదట అడిగేది ఆ వేళనే.