ఆరవ మణి దొరకదేల?

బస్సు కొరకు నిలబడిన కుర్రవాడు జేబులోని ఫోను తీసి, రెండు నిమిషములలో ఒక గుహ ప్రవేశించి, ఒక రాక్షసుని కూల్చి, బస్సు రాగానే ఫోనును మరల జేబులో వేసికొనుచున్నాడు. సామాజిక మాధ్యమములలోని పాత్రధారణ ఆటల తీరు ఇట్టిది. ఆడువాడు వీరుడో, మాంత్రికుడో, విలుకాడో అగును. ఆ పాత్రకు కొంత ‘శక్తి’ ఉండును. ప్రతి సాహసమునకు అందులో కొంత ఖర్చగును. అది తీరినచో కొంతసేపు వేచియుండవలెను. లేదా స్నేహితుల సాయము కోరవలెను. లేదా డబ్బు చెల్లింపవలెను.

ఈ ఆటలు కంప్యూటరుతో పుట్టినవి కావు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. అందు మిత్రులు బల్లచుట్టు కూర్చుండి కథ నడుపుదురు. కత్తివేటు తగిలినదో లేదో పాచిక తేల్చును. ఆడువాడు తన పాచికను తన చేతితోనే వేయును; దానికెన్ని ముఖములున్నవో అతనికి తెలియును. సామాజిక మాధ్యమపు ఆటలోను పాచిక ఉన్నది. కాని అది ఎక్కడో ఒక కంప్యూటరులో సంఖ్యల రూపమున దొర్లును. ఆడువాని కంటికి కానరాదు.

2010లో జపానులో ‘గ్రీ’ అను సామాజిక మాధ్యమమున కొనామి సంస్థవారి ‘డ్రాగన్ కలెక్షన్’ వెలువడినది. ఆ కాలమున అచ్చటి ఇట్టి ఆటలలో ‘గాచా’ అను పద్ధతి వ్యాపించినది. నాణెము వేసి పిడి త్రిప్పినచో బొమ్మ గల డబ్బీ జారిపడు యంత్రము నుండి ఈ పేరు వచ్చినది. ఏ బొమ్మ వచ్చునో ముందుగా తెలియదు. ఆటలో బొమ్మకు బదులు కత్తియో, కవచమో, డ్రాగన్ చిత్రమో వచ్చును. దీనికి మించినది ‘సంపూర్ణ గాచా’. డబ్బిచ్చి తీసిన వస్తువులలో నిర్ణీతమైనవన్నియు కూడినప్పుడే అపూర్వమైన బహుమానము లభించును.

ఇందలి గణితము చిన్నదే. ఆరు రంగుల మణులు కూర్చవలెననుకొందము. ప్రతిసారి ఆరింటిలో ఏదైనను సమాన సంభావ్యతతో వచ్చును. మొదటిసారి ఏది వచ్చినను క్రొత్తదే. రెండవ క్రొత్త మణి వచ్చు సంభావ్యత 5/6. కనుక దానికి సగటున 6/5, అనగా 1.2 సార్లు తీయవలెను. తరువాతి మూడింటికి వరుసగా 1.5, 2, 3 సార్లు. ఆరవదానికి సంభావ్యత 1/6 మాత్రమే. అనగా సగటున 6 సార్లు. మొత్తము:

1 + 1.2 + 1.5 + 2 + 3 + 6 = 14.7

అయిదు మణులు కూడిన పిల్లవాడు “ఇక ఒక్కటే గదా” అనుకొనును. ఆరింట అయిదు వంతుల పని, అనగా నూటికి 83 వంతులు, ముగిసినదని అతని లెక్క. నిజమునకు 14.7లో 8.7 మాత్రమే, అనగా నూటికి 59 వంతులే ముగిసినది. ఇది అన్ని మణులకు సమాన సంభావ్యత ఉన్నప్పటి మాట. ఆరవ మణి నూరింట ఒక పర్యాయమే వచ్చునట్లు ఏర్పరచినచో, దాని కొక్కదానికే సగటున 100 సార్లు తీయవలెను. అట్లు 100 సార్లు తీసినను అది దక్కనివారు నూటికి సుమారు 37 మంది ఉందురు.

రెండవ పొరపాటు మరియొకటి కలదు: “ఇన్నిసార్లు రాలేదు, ఈసారి వచ్చి తీరును.” సంభావ్యత మారనంతవరకు ఇది భ్రమయే. పాచికకు జ్ఞాపకశక్తి లేదు. ఇదివరకు పోయిన డబ్బు రాబోవు పందెమును సులభము చేయదు.

తరగతిలో దీనిని పరీక్షించుట తేలిక. విద్యార్థులను ఇద్దరిద్దరుగా కూర్చుండబెట్టి, జంటకొక పాచిక ఇచ్చి, ఆరు ముఖములును పడువరకు వేయమనవలెను. అయిదవ క్రొత్త ముఖము ఎన్నవసారి పడినదో, ఆరవది ఎన్నవసారి పడినదో వ్రాసికొనవలెను. ముప్పది జంటల ఫలితములకు సగటు తీసినచో అది 15కు దగ్గరగా ఉండును. ఒకటిరెండు జంటలకు 25 దాటినను ఆశ్చర్యము లేదు. ఆ జంటల విసుగే ఈ పాఠములో ముఖ్యమైన భాగము.

2012లో జపాను ప్రభుత్వపు వినియోగదారుల సంస్థ, 1962 నాటి బహుమానముల చట్టము క్రింద సంపూర్ణ గాచా నిషిద్ధమని ప్రకటించినది. చైనాలో 2017 మే నుండి, ఇట్టి వస్తువులు లభించు సంభావ్యతను ఆటల నిర్వాహకులు బహిరంగముగా తెలుపవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. కాని సంభావ్యతను ప్రకటించినంత మాత్రమున చాలదు. దానిని చదివి అర్థము చేసికొనువారు ఉండవలెను.

రెండు నిమిషములు రాక్షసులతో పోరాడుట తప్పు కాదు. కథయందు ప్రీతి మానవునికి సహజము. అయితే అయిదు మణులు కూడినవి గదా అని తండ్రి సంపాదించిన డబ్బు చెల్లింపబోవు పిల్లవానికి ముందుగా ఒక పాచిక ఇచ్చి, ఆరు ముఖములు పడువరకు వేయమనుట మంచిది.