మూడు ఊళ్లు, తొమ్మిది గడులు

కడప జిల్లాలో పెన్నానది గట్టున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణములు కలవు. వానికి దక్షిణమున పులివెందుల యున్నది. ఈ మూడింటి నడుమ బస్సులలో రాకపోకలు సాగించువారు అనేకులు. ఏ యూరినుండి ఏ యూరికి ఎంత ఛార్జీయో తెలుపు పట్టికను వ్రాయువాడు ఏమి చేయును? మొదట ప్రొద్దుటూరును బయలుదేరు ఊరుగా నిలుపుకొనును. దానిని కదల్పక, చేరు ఊళ్లు మూడింటిని వరుసగా చదువును. అవి ముగిసిన పిమ్మటనే జమ్మలమడుగునకు వచ్చి, చేరు ఊళ్లను మరల మొదటినుండి ఆరంభించును. పిదప పులివెందుల. మూడు మూళ్లు తొమ్మిది గడులు నిండును.

ఇట్టి పనిని కంప్యూటరుచే చేయించుటకు పైతాన్ భాషలో లూపు అను సాధనము కలదు. ఆ భాషను నెదర్లాండ్సు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ రూపొందించి 1991లో విడుదల చేసెను. దాని పేరు కొండచిలువను బట్టి వచ్చినది కాదు. ఒక ఆంగ్ల హాస్య ప్రదర్శనమును బట్టి వచ్చినది. ఒకే ఆజ్ఞను పలుమార్లు నెరవేర్చు ఏర్పాటే లూపు. పై పట్టికకు లూపులో మరియొక లూపు కావలెను. దాని పోలిక ఇట్లుండును:

ఊళ్లలో ఒక్కొక్క బయలుదేరు ఊరికి:
    ఊళ్లలో ఒక్కొక్క చేరు ఊరికి:
        ఆ రెండు పేర్లను ముద్రింపుము

వెలుపలి లూపు ఒక్క అడుగు వేయులోపల లోపలి లూపు తన చుట్టు నంతటిని ముగించును. గడియారమున గంటల ముల్లు ఒక అంకెనుండి మరియొక అంకెకు జరుగునప్పటికి నిమిషముల ముల్లు చుట్టంతయు తిరిగి వచ్చుట లేదా?

పై పంక్తులు మెట్లుమెట్లుగా లోనికి జరిగియుండుట అందమునకు కాదు. ఏ ఆజ్ఞ ఏ లూపునకు చెందినదో పైతాన్ ఆ జరుగుబాటును బట్టియే గ్రహించును. లోపలి లూపులో మరియొక ఆజ్ఞ కూడ నుండి, ముద్రింపుమను పంక్తి మాత్రము ఒక మెట్టు వెనుకకు వచ్చినదనుకొందము. అప్పుడది వెలుపలి లూపునకు చెందును. లోపలి లూపు ముగియునప్పటికి చేరు ఊరి స్థానమున మిగులునది పులివెందుల యొక్కటే. కావున ప్రొద్దుటూరు–పులివెందుల, జమ్మలమడుగు–పులివెందుల, పులివెందుల–పులివెందుల అను మూడు పంక్తులే వచ్చును. జమ్మలమడుగునుండి ప్రొద్దుటూరు పోవువానికి పట్టికలో చోటే యుండదు! కంప్యూటరు తప్పని చెప్పనైన చెప్పదు. ఇట్టి మౌనపు తప్పులే మిక్కిలి కష్టపెట్టును.

పులివెందులనుండి పులివెందులకు టికెట్టు ఎవరును కొనరు. రెండు పేర్లు వేరైనప్పుడే ముద్రింపుమని షరతు పెట్టినచో ఆరు పంక్తులు మిగులును. స్టాపులు పెరిగినకొలది పని ఎంత పెరుగునో చూడుడు: 30 స్టాపులకు లోపలి ఆజ్ఞ 900 మార్లు, 100 స్టాపులకు 10,000 మార్లు నడచును.

పోవు ఛార్జీయు వచ్చు ఛార్జీయు ఒకటే యైనచో ఇంత శ్రమ అక్కరలేదు. లోపలి లూపును ప్రతిసారి మొదటి ఊరినుండి గాక, బయలుదేరు ఊరికి తరువాతి ఊరినుండి మొదలుపెట్టవచ్చును. అప్పుడు ప్రొద్దుటూరునకు రెండు, జమ్మలమడుగునకు ఒకటి, మొత్తము మూడు పంక్తులే. పులివెందుల వంతు వచ్చినప్పుడు దాని తరువాత ఊరేదియు లేదు గనుక లోపలి లూపు ఒక్కమారైనను తిరుగక ఊరకుండును.