సిగ్నల్ రీటైమింగ్

ఫ్లైఓవర్ కట్టకుండా, రోడ్డు వెడల్పు చేయకుండా రద్దీని తగ్గించే పని ఇది. కూడలిలో దీపాలు ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం, అందులో ఏ వైపు పచ్చ ఎన్ని సెకన్లు, పక్క కూడలిలో పచ్చ ఎంత తేడాతో వెలగాలి... ఈ మూడింటినీ ఇప్పటి రద్దీకి తగ్గట్టు సరిచేస్తారు. మూడోదే కీలకం. సిగ్నళ్ల మధ్య అర కిలోమీటరు ఉంటే, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి 50 సెకన్లు పడుతుంది. రెండో పచ్చ ఆ లెక్కన వెలిగితే బ్రేకు తొక్కే పనుండదు. ఎదురుగా వచ్చేవారికీ అదే సుఖం ఇవ్వడం మాత్రం కష్టం. అందుకే రద్దీ ఎక్కువున్న వైపుకు అనువుగా పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఇంకో లెక్క.

ఈ పని కోసమే గూగుల్ చేపట్టిన ‘గ్రీన్ లైట్’ ప్రాజెక్టులో 2023 నాటికి ఉన్న 12 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. బండ్లు ఆగడం 30 శాతం, కూడళ్ల వద్ద ఉద్గారాలు 10 శాతం వరకు తగ్గొచ్చని తొలి అంచనా. కంపెనీ సొంత లెక్క కాబట్టి కాస్త తగ్గించి చూసినా, పెట్టే ఖర్చుకు ఇది లాభమే.

ఆ లాభం ఏళ్లపాటు నిలవాలంటే ఒకసారి చేసి వదిలేస్తే కుదరదు. దారిలో కొత్త మాల్ వచ్చినా, బడి వచ్చినా పాత లెక్క చెడుతుంది. 3 నుంచి 5 ఏళ్లకోసారి మళ్లీ సరిచూడాలన్నది అమెరికాలో వాడుక. బండ్ల కోసం సెకన్లు పెంచేటప్పుడు, రోడ్డు దాటే ముసలివాళ్ల వాటా కోసేయకూడదు.