నాలుగు గంటల సీసా

కొల్లేటికి వరద వచ్చినపుడు మండవల్లి ప్రాంతపు లంకలకు పడవయే దారి. పసిబిడ్డను చంకనెత్తుకొని టీకాకు బయలుదేరిన తల్లి వేళకు చేరునన్న నమ్మకము లేదు. ఆమె మధ్యాహ్నము దాటి వచ్చినదనుకొందము. తట్టు, రుబెల్లా టీకామందు సీసాలో ఇంకను మిగిలియున్నది. అయినను నర్సమ్మ దానిని ముట్టదు. సీసాపై వ్రాసిన వేళకు నాలుగు గంటలు దాటినవి. తల్లికి కోపము వచ్చును, అది సహజమే.

ఈ మందు పొడిగా వచ్చును. ద్రావకము కలిపిన పిమ్మట అందులో క్రిములను అణచు పదార్థమేదియు ఉండదు. సూది వెంట ఒక క్రిమి లోనికి పోయినచో, వెచ్చదనమునకు పెరిగి విషమును పుట్టించవచ్చును. కంటికి మాత్రము మార్పేమియు కనబడదు. కనుకనే మందు కలిపిన వేళను సీసాపై వ్రాయుట, గడువు దాటినదానిని పారవేయుట నియమమైనవి.

2017లో దక్షిణ సూడాను దేశమున తట్టు టీకాలు వేసిన సందర్భమున 15 మంది పిల్లలు మరణించిరి. అందరును ఐదేండ్ల లోపువారే. శిక్షణ లేనివారు టీకాలు వేసిరి. మందు కలుపుటకు నాలుగు దినములు ఒకే సిరంజిని వాడిరి. మందును చల్లగా ఉంచలేదు. టీకాలో దోషము లేదు.

చల్లదనమునకును హద్దు కలదు: 2 మొదలు 8 డిగ్రీలు. గడ్డకట్టిన ఐసుప్యాకును తీసిన వెంటనే టీకాపెట్టెలో ఉంచరాదు. ఊపినపుడు లోపల నీరు కదలిన చప్పుడు వినబడువరకు ఆగవలెను. పోలియో చుక్కలకు వేడి శత్రువు. హెపటైటిస్-బి, పెంటావలెంటు మందులు గడ్డకట్టిన చెడును. చేపకు ఐసు ఎంత వేసిన అంత మేలని ఎరిగిన కొల్లేటివారికి ఇది వింతగా తోచవచ్చును.

మరి ఆ తల్లి మాటేమి? ఒక్క బిడ్డ వచ్చినను కొత్త సీసా తెరువవచ్చును. మందు వృథాయైనదని పైవారు గద్దింతురన్న భయమే నర్సమ్మ చేతిని పాత సీసా వైపు లాగును. నియమము తప్పినందుకు సిబ్బందిని నిందించుటకు ముందు ఈ భయమును తొలగించవలెనని మేము తలంతుము.

టీకా వేసిన పిమ్మట బిడ్డను అరగంటసేపు అక్కడనే ఉంచవలెను. అరుదుగా వచ్చు తీవ్రమైన వికటనము తరచు ఆ వ్యవధిలోనే బయటపడును. మందు, మనిషి దగ్గర నుండగా దానిని ఎదుర్కొనవచ్చును. తల్లి తొందర యంతయు పడవ కొరకే గనుక, అరగంట ఆగుమని పడవవానికి ముందుగనే చెప్పి ఉంచుట మేలు.