పెయింటు ఆఖరి పని

పాలవాళ్లు, గ్యాసుబండలు చేరవేసేవాళ్లు, లొట్లు కట్టుకుని తాటివనం నుంచి వచ్చే గీతకార్మికులు, ఐస్‌ఫ్రూట్ డబ్బా వాళ్లు. ఎవరి సరుకు వాళ్లదే గానీ తొక్కింది మాత్రం దాదాపు ఒకటే సైకిలు. 28 అంగుళాల చక్రాలు, తీగకు బదులు ఇనుప కడ్డీలతో పట్టే బ్రేకులు, ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40, మొత్తం ఇరవై కిలోల దాకా బరువు. అచ్చు ఇంగ్లండుదే. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో వచ్చాక అది మన ఊళ్ల సైకిలైపోయింది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ తన సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆపేసింది. ఇప్పుడు ఇలాంటి పాత సైకిలు గొడ్లచావడిలోనో మేడ మీదో దొరికితే బాగుచేయించాలని ముచ్చటపడేవాళ్లున్నారు. వాళ్లు ముందుగా చేయించేది తుప్పు గీకించి, కొలిమిలో కాల్చే పొడి పెయింటు వేయించి, కొత్త స్టిక్కర్లు అంటించడం. ఈ వరస తలకిందులని నా అభిప్రాయం. బరువు మోయడానికి పుట్టిన బండిని బరువు దగ్గర నుంచే బాగుచేసుకుంటూ రావాలి.

అసలు రూపానికి తెస్తున్నాం అంటారు. ఏ రూపానికి? ఈ సైకిలు విషయంలో కర్మాగారం ఇచ్చింది సగమే. కొన్న మర్నాడే యజమాని దాన్ని వెల్డింగు షాపుకు తోలుకెళ్లేవాడు. సన్నటి క్యారియర్ తీసేసి లావు కడ్డీలది వేయించేవాడు, కాళ్లు ఎడంగా ఉండే బరువు స్టాండు పెట్టించేవాడు, బండలకో క్యాన్లకో కొక్కేలు, ముందు ఫోర్కుకు జంట కడ్డీలు. కత్తులు సానబట్టేవాడైతే స్టాండు వేసి పెడలు తొక్కితే సానరాయి తిరిగేలా సైకిలునే కార్ఖానా చేసుకున్నాడు. జార్ఖండ్‌లో రెండు క్వింటాళ్ల బొగ్గు తోసుకెళ్లేవాళ్లు చాలామంది పెడళ్లు, చైను అడ్డమని పీకేశారు. 1954లో దియన్ బియన్ ఫు పోరుకు వియత్నాం వాళ్లు బియ్యం, మందుగుండు చేర్చిందీ సైకిళ్ల మీదే, అందులోనూ ఫ్రెంచివాళ్ల మీదికి ఫ్రెంచి ప్యుజో సైకిళ్ల మీద. సీటు దగ్గర నిలువుగా ఒక కర్ర, హ్యాండిలుకు పొడుగ్గా ఒక వెదురు కర్ర కట్టి, తొక్కడం మానేసి తోశారు. ఒక్కో సైకిలు రెండు వందల కిలోలకు పైగా మోసింది. కాబట్టి మార్పులు చేయడం ఈ జాతి సైకిలుకు అపచారం కాదు. ఆ మార్పులన్నీ ఊడబీకి కంపెనీ కేటలాగులో ఉన్నట్టు నిలబెడితేనే దాని చరిత్ర పోతుంది.

గ్యాసుబండలో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్పై. రెండు బండలంటే ఇంకో మనిషి ఎక్కినట్టే, అదీ దాదాపు అంతా వెనక చక్రం మీదే. ఎద్దుబండి చక్రంలో నేలవైపున్న ఆకు బరువును నిలబడి మోస్తుంది. సైకిలు పుల్ల అలా మోయలేదు. సన్నటి తీగ, నొక్కితే వంగిపోతుంది. అందుకే అన్ని పుల్లల్నీ ముందే లాగి బిగించి ఉంచుతారు. చక్రం తిరిగేటప్పుడు నేల దగ్గరికి వచ్చిన పుల్ల కాస్త సడలుతుంది, పైకి పోగానే మళ్లీ బిగుస్తుంది. ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు. అంటే కిలోమీటరుకు 450 సార్లు, రోజుకు పది కిలోమీటర్లు తిరిగితే ప్రతి పుల్లా 4,500 సార్లు సడలి బిగుస్తుందన్నమాట. పుల్ల తెగేది చాలావరకు ఒక్కసారి పడిన బరువుకు కాదు, ఈ అలసటకు. అదీ హబ్బు దగ్గర వంపు తిరిగిన చోట. వదులు చక్రంలో ఈ ఊగిసలాట ఇంకా ఎక్కువ. అందువల్ల నలభై పుల్లలూ కొత్తవి వేసి, ఒకే బిగువుకు తెచ్చి, బెండు తీయడమే మొదటి ఖర్చు కావాలి. హబ్బులు విప్పి అరిగిన గోళీలు మార్చి కొత్త గ్రీజు పెట్టడం దాని వెంటే. పాత ఓవరాయిలింగు అంటే ఇదే గదా. పెడలు క్రాంకును పట్టి ఉంచే కాటర్ పిన్ను తుప్పుకు బిగుసుకుపోతే, క్రాంకు కింద గట్టి ఇనుప గొట్టం ఊతగా నిలబెట్టిగాని సుత్తి ఎత్తకూడదు. లేకపోతే దెబ్బ పిన్నుకు కాక లోపలి గోళీల గిన్నెలకు తగులుతుంది.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ అన్నదీ చూడాలి. వెనక ఇరుసును దాటి వెనక్కి పోయినకొద్దీ ముందు చక్రం తేలిపోయి హ్యాండిలు వణుకుతుంది. బ్రిటన్‌లో మాంసం, రొట్టెలు ఇంటింటికీ చేర్చిన సైకిళ్లలో దీనికి తెలివైన జవాబుంది: ముందు చిన్న చక్రం పెట్టి దానిపైన బుట్ట అమర్చారు, ఆ బుట్టను హ్యాండిలుకు కాక ఫ్రేముకే బిగించారు. తిప్పినప్పుడు చక్రం తిరుగుతుంది, బరువు తిరగదు. మన సైకిలుకు ముందు పెట్టె కావాలనుకునేవాళ్లు హ్యాండిలుకు వేలాడదీసే ముందు దీన్ని తలచుకోవాలి. వెనక క్యారియర్ కాళ్లు నేరుగా ఇరుసు దగ్గరికి దిగితే భారం ఫ్రేము సన్నగొట్టాలను వంచదు.

ఇక గేరు. సాధారణంగా ముందు 44 పళ్లు, వెనక 18. వెనక 22 పళ్ల ఫ్రీవీల్ వేస్తే కాలి బలం దాదాపు ఐదో వంతు తక్కువ పడుతుంది. వేగం అంతే తగ్గుతుంది, సరుకు బండికి నష్టం లేదు. బ్రేకుల దగ్గర మాత్రం పాతదాని మీద మమకారం చంపుకోవాలి. కడ్డీ బ్రేకు రబ్బరు తడిసిన ఇనుప రిమ్మును సరిగ్గా పట్టదు, వానలో ఇది అందరికీ తెలిసిన సంగతే. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలుంటే, రెండు బండలతో 140. ఆపాల్సిన శక్తి ఒకటింముప్పావు రెట్లు. తడికి లొంగని డ్రమ్ము బ్రేకు ఉన్న హబ్బు వేయించడం ఇక్కడ షోకు కాదు. మోటారు పెట్టించదలచినవాళ్లకైతే ఇది ముందు షరతు. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండే బ్యాటరీ సైకిలుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాటే అందరూ చెబుతారు, బ్రేకు సంగతి ఎవరూ ఎత్తరు.

ఇంత మారిస్తే పాతది ఏం మిగిలిందని సేకర్తలు అడుగుతారు. అరుదైన సైకిలుకు ఆ అభ్యంతరం చెల్లుతుంది, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. లక్షల్లో తయారై, విడిభాగాలు ఇంకా దొరికే బండికి అదే నియమం పెడితే మిగిలేది బొమ్మ. అయినా వాళ్ల మాటలో తీసుకోదగ్గది ఒకటుంది: కొత్తగా చేర్చేవాటిని వెల్డు చేయకుండా బోల్టులు, క్లాంపులతో బిగించాలి, రేపు విప్పేసే వీలుండాలి. ఈ ఫ్రేము గొట్టాలను ఇత్తడి కరిగించి అతికారు, వాటి మీద ఇష్టమొచ్చినట్టు వెల్డింగు పెడితే పక్కనే ఇనుము పెళుసుబారి పగులుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. 1980లో టీవీఎస్ 50 రాగానే పాలక్యాన్లు మోపెడ్ ఎక్కాయి. నడుములు విరిగేలా తొక్కినవాళ్లు వదిలేసినదాన్ని మనం ముచ్చటగా తిరిగి తేవడమేమిటి? నిజమే, తెల్లవారుజామున పదిహేను కిలోమీటర్లు క్యాన్లు మోయమని ఎవరికీ చెప్పకూడదు. కానీ పట్నంలో రెండు మూడు కిలోమీటర్ల లోపు కిరాణా, మొక్కల కుండీలు, ఇస్త్రీ బట్టలు చేర్చడానికి ఈ సైకిలు సరిపోతుంది. సందులో ఆగుతుంది, స్టాండు మీద నిలబడుతుంది, పెట్రోలు అడగదు. గేరు, బ్రేకు సరిచేశాక ఆ తొక్కుడు పాతకాలపు తొక్కుడు కాదు.

పెయింటుకు వస్తే, ముందు గొట్టాలు గీకి అతుకుల దగ్గర సన్నటి పగుళ్లు, పెడళ్ల ఇరుసు కింద నీరు నిలిచి తిన్న చోట్లు వెతకాలి. మందంగా వేసిన కొత్త రంగు వాటినే మొదట కప్పేస్తుంది. క్యారియర్ మీద క్యాన్లు రాసుకుని తెల్లగా తేలిన చోట రంగు వేయకుండా గ్రీజు రాసి వదిలేయొచ్చు. మళ్లీ సరుకు ఎక్కితే అక్కడి పెయింటు ఎలాగూ వారం నిలవదు.