చిత్రకళలో చర్మవర్ణము, స్త్రీమూర్తి

రాయపూరులోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఏటా దసరానాడు రావణుని మహాకాయ ప్రతిమను దహిస్తారు. రైల్వే కొలువుల నిమిత్తం తరలివచ్చిన తెలుగువారి పిల్లలు కూడా ఆ జనసమూహంలో ఉంటారు. దుష్టుడు ఎట్లా ఉంటాడో పురాణం చదవకముందే వారికి బొమ్మ చెప్పివేస్తుంది. మన క్యాలెండరు చిత్రాలలో సాధారణంగా రాక్షసి నల్లన, నాయిక తెల్లన. ద్రౌపదికి కృష్ణ అనే పేరున్నది గదా. అయినా పటంలో ఆమె తెల్లగానే కనబడుతుంది. నలుపు దేవునికైతే నీలిమ అయినది, స్త్రీకైతే చెరిగిపోయినది.

ఈ దురభ్యాసాన్ని చిత్రకళ ఎదుర్కొనడానికి రెండు మార్గాలున్నవి. మొదటిది, అవమానానికి వాడిన బొమ్మనే ఎదురు తిప్పడం. అమెరికాలో ఆంట్ జెమైమా అనే అట్లపిండి పొట్లంమీద, యజమానుల వంటింట నవ్వుతూ సేవచేసే నల్లజాతి దాసి బొమ్మ ఉండేది. 1972లో బెట్టీ సార్ అనే నల్లజాతి కళాకారిణి అటువంటి బొమ్మనొకదానిని పెట్టెలో నిలిపి, ఒక చేత చీపురును ఉండనిచ్చి, రెండవ చేత తుపాకి పెట్టినది. జాతివల్లను, స్త్రీత్వంవల్లను పడిన బరువు రెండూ ఒక్క బొమ్మలో బయటపడినవి. ఆ వ్యాపారనామం 2021లో గాని తొలగలేదు.

రెండవది, తిరస్కృతరూపానికి గౌరవాసనం ఇవ్వడం. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో జన్మించిన తోట వైకుంఠం చేసిన పని ఇది. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద చదివిన ఆయన, రవివర్మ నాయికల మీగడ చాయను విడిచి, తెలంగాణ పల్లెపడుచును ఆమె నల్లదనంతోనే, పెద్ద కుంకుమబొట్టుతో పటం నిండా నిలిపినారు. అక్కడ నలుపు లోపం కాదు. ఎరుపు పసుపులను వెలిగించే ఆధారం. అయితే ఆ స్త్రీ అలంకృత, ప్రశాంత. ఆమె పడిన గాయం పటంలోనికి రాదు.

ఆ గాయాన్ని 1961లో నాగపూరున జన్మించిన సవి సావర్కర్ చిత్రించినారు. మెడలో ముంత వ్రేలాడే అస్పృశ్యుడు, దేవదాసి ఆయన చిత్రవస్తువులు. కులమూ జాతీ ఒకటి కావు. కాని దేహాన్నే నీచత్వానికి గుర్తుగా చేయడంలో రెండింటికీ పోలిక ఉన్నది. దేవదాసిగా, జోగినిగా స్త్రీని అర్పించడాన్ని ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టంతో నిషేధించినది. చట్టం నేరాన్ని పేర్కొన్నది. చిత్రం ముఖాన్ని చూపినది.

రచయితలకు ఇందులో పాఠమున్నది. ‘నల్లనిదైనా అందగత్తె’ అని వ్రాసే కథకుడు, ఆ ‘అయినా’లో తాను దేనిని ఒప్పుకొంటున్నాడో చూచుకోవాలి. ఆంగ్లకథలోని నల్లని పిల్లను తెలుగులో ‘చామనచాయ’గా మార్చే అనువాదకుడు కూడా మర్యాద పేర తెల్లసున్నం వేస్తున్నాడు. చిత్రకారులు కుంచెతో చేసిన పనిని మనం ఆ ఒక్క ‘అయినా’ను కొట్టివేయడంతో ఆరంభించవచ్చును.