రాంచ్‌లో ఒక ఋతువు కొలువు

సినిమా తెరమీద కౌబాయ్‌ని చూడనివారు మనలో అరుదు. వెడల్పాటి అంచుగల టోపీ, పొడుగాటి తోలుబూట్లు, చేతిలో ఉచ్చుతాడు, ధూళి రేపుకుంటూ పోయే గుర్రం. ఇంతవరకే మనకు కనిపిస్తుంది. ఆ గుర్రంమీది మనిషి ఎవరి జీతగాడో, ఆ జీతం ఎన్ని నెలలకో, మంచు కురిసే కాలంలో అతడు ఎక్కడ తలదాచుకుంటాడో సినిమా చెప్పదు. ఆ చెప్పని సంగతినే ఈ ప్రసంగంలో విచారించుకుందాం. మన ఇళ్లలోని పిల్లలు ఎందరో నేడు అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుకుంటున్నారు. వేసవి సెలవులలో రాంచ్‌లో నాలుగు నెలలు పనిచేస్తే ఎట్లా ఉంటుందన్న ఊహ వారిలో కొందరికైనా కలుగకపోదు. కనుక ఈ విచారణ మనకు బొత్తిగా దూరమైనది కాదు.

మొదట రాంచ్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. ఇది పంటలు పండించే కమతం వంటిది కాదు. పేరు స్పానిష్ భాషలోని ‘రాంచో’ నుంచి వచ్చింది. పశువులను మేపి పెంచే విశాలమైన భూమి అని దాని భావం. మొంటానా, వయోమింగ్, నెవాడా వంటి పశ్చిమ రాష్ట్రాలలో వాన తక్కువ, గడ్డి పలుచన. ఒక ఆవు, దాని దూడ ఏడాది పొడవునా బతకడానికి అనేక చోట్ల పదుల ఎకరాలు కావలసి వస్తుంది. రైతుకు సొంతంగా ఉన్న నేల సాధారణంగా ఏటి ఒడ్డున పల్లంలో ఉంటుంది. వేసవిలో మందను ప్రభుత్వానికి చెందిన ఎత్తైన బీళ్లకు తోలుకుపోతారు. 1934లో వచ్చిన టేలర్ మేపుచట్టం మొదలుకొని అట్టి ప్రభుత్వ భూములలో మేపడానికి అనుమతిపత్రం, ఇన్ని పశువులు, ఇన్ని రోజులు అన్న గడువు ఏర్పడినవి. గడ్డి ఎప్పుడు మొలిస్తే అప్పుడు మంద కదులుతుంది. మంద కదిలినప్పుడు మనిషి కావాలి. రాంచ్‌లో కొలువు ఋతువునుబట్టి ఉండడానికి మూలకారణం ఇదే.

ఆ మందలలో మనకు ఒక చుట్టరికం కూడా ఉన్నది. టెక్సాస్ మొదలైన ఉష్ణప్రాంతాలలో పెంచే అమెరికన్ బ్రాహ్మణ్ అనే మూపురపు జాతి భారతదేశం నుంచి పోయిన పశువుల సంతతి. గుజరాతు పశువులతో, గిర్ జాతితో, కృష్ణాలోయ జాతితో పాటు మన ఒంగోలు రక్తం కూడా అందులో కలిసినది. ఎండకు, పిడుదులకు ఓర్చుకొనే గుణాన్ని చూచి అక్కడివారు దానిని ఆదరించారు. 1924లో ఆ జాతి పెంపకందార్ల సంఘం ఏర్పడింది.

ఇక పనివారి చరిత్ర. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసేనాటికి టెక్సాస్‌లో పశువులు కోకొల్లలు. కొనేవారు మాత్రం ఉత్తరాన, తూర్పున ఉన్నారు. 1867లో కాన్సాస్‌లోని ఆబిలీన్ అనే ఊళ్లో రైలుమార్గం పక్కన దొడ్లు కట్టి పశువుల వర్తకం ప్రారంభించారు. అప్పటినుంచి వేలాది పశువులను వందలమైళ్లు నడిపించుకుపోయే పని వచ్చింది. కౌబాయ్ పుట్టినది ఆ పనిలోనే. అతని జీతం సాధారణంగా నెలకు 25 నుంచి 40 డాలర్లు. శరత్కాలంలో పశువుల అమ్మకం పూర్తికాగానే చాలామందికి ఉద్వాసన. చలికాలమంతా వారు రాంచ్ నుంచి రాంచ్‌కు తిరుగుతూ, ఎవరు పెడితే వారింట తింటూ, వసంతం కోసం ఎదురుచూచేవారు.

1883 వసంతంలో టెక్సాస్ ఉత్తరకొసన కొందరు కౌబాయ్‌లు నెలకు 50 డాలర్లు ఇస్తేనే పనిచేస్తామని సంతకాలు చేసి సమ్మెకట్టారు. పశువులను కూడగట్టే అదను కనుక యజమానులు దిగివస్తారని వారి అంచనా. కాని పనికోసం వచ్చేవారికి కొదువ లేకపోయింది, సమ్మె విఫలమైనది. ఋతువుకు కుదిరిన కూలివాని బలమూ బలహీనతా రెండూ ఇందులో కనిపిస్తాయి. అదనులో అతడు లేనిదే గడవదు. కాని అతని స్థానంలో మరొకడు దొరికితే అతని మాట చెల్లదు.

తరువాత మూడేళ్లకు ప్రకృతియే ఈ పని స్వరూపాన్ని మార్చింది. 1886 వేసవిలో వానలు లేవు. బీళ్లు అప్పటికే కిక్కిరిసిన మందలతో గీసినట్లయినవి. ఆ వెనుక వచ్చిన చలికాలంలో మంచు పేరుకొని, గడ్డి అందక, ఉత్తర మైదానాలలో పశువులు లెక్కకు మిక్కిలిగా చచ్చిపోయినవి. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ అప్పుడు డకోటాలో పశువులు పెంచుతుండేవాడు. ఆయన మందలో కూడా చాలాభాగం నశించింది. గడ్డిని కోసి దాచకపోతే మంద దక్కదన్న పాఠం ఆనాడు నేర్చుకున్నారు. అప్పటినుంచి కౌబాయ్ గుర్రం దిగి కొడవలి పట్టవలసి వచ్చింది, గుంజలు పాతి ముళ్లతీగ బిగించవలసి వచ్చింది. గుర్రంమీద కూర్చొని చేయలేని పని తనది కాదనుకొనే మనిషికి అది చిన్నతనంగానే తోచింది. కాని నేటికీ రాంచ్‌లో సింహభాగం ఆ నేలమీది పనియే.

ఏడాదిలో పనుల వరుస ఇట్లా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలు ఆవులు ఈనే కాలం. తొలిచూలు పెయ్యలను ప్రత్యేకంగా దగ్గరి దొడ్డిలో కట్టడిచేసి, రాత్రివేళ రెండు మూడు గంటలకొకసారి లాంతరు పట్టుకొని చూచిరావాలి. ముందుకాళ్లు రెండూ, వాటిపై ముట్టె కనిపిస్తే దూడ సవ్యంగా వస్తున్నదని గుర్తు. అడ్డం తిరిగితే పశువైద్యుణ్ణి పిలవాలి. పుట్టిన కొద్ది గంటలలో దూడ ముర్రుపాలు తాగి తీరాలి; ఆవు గర్భంలో ఉండగా దానికి తల్లి నుంచి రోగనిరోధకశక్తి అందదు, ఆ పాలతోనే అందుతుంది. గడ్డకట్టే చలిలో తడిసిన దూడను ఒళ్లు తుడిచి వెచ్చచేయడం ఆలస్యమైతే అది దక్కదు. నిద్ర మానుకొనగల ఓర్పు ఈ ఋతువుకు కావలసిన మొదటి అర్హత.

మే, జూన్ నెలలలో దూడలకు ముద్రవేసే పని. అదేరోజున టీకాలు, చెవిబిళ్లలు, కోడెదూడలకు విత్తులు తీయడం కూడా జరుగుతుంది. ముద్రలు రాష్ట్ర ప్రభుత్వంవద్ద నమోదై ఉంటాయి. అనేక పశ్చిమ రాష్ట్రాలలో పశువును అమ్మేటప్పుడు దాని ముద్రను తనిఖీచేస్తారు. ఈ రోజున ఇరుగుపొరుగు రాంచ్‌ల వారు వచ్చి చేయి వేస్తారు, తరువాత వారి పనికి వీరు వెళతారు. మన పల్లెలలో నాట్లకు బదుళ్లు పెట్టుకొనే పద్ధతియే ఇది.

జూలై, ఆగస్టులు గడ్డికోతలు. కోసిన గడ్డిని ఎండబెట్టి కట్టలు కట్టడంలో తొందరపాటు పనికిరాదు. తేమ సుమారు 20 శాతానికి మించి ఉండగా కట్టి పేర్చితే లోపల వేడిపుట్టి బూజుపడుతుంది. ఒక్కొక్కప్పుడు దానంతటదే అంటుకొంటుంది. పచ్చిగడ్డి వామి వేస్తే ఏమవుతుందో మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ రెండు నెలలూ ట్రాక్టరు నడపగలవానికి, పాడైన యంత్రాన్ని బాగుచేయగలవానికి గుర్రపురౌతుకన్న గిరాకి ఎక్కువ.

సెప్టెంబరు మొదలు నవంబరు వరకు మందలను కొండలనుంచి దించి, దూడలను తల్లులనుంచి వేరుచేసి, అమ్మకానికి పంపుతారు. అప్పటికి దూడ వయస్సు ఆరేడు నెలలు; బరువు తరచుగా 225 నుంచి 270 కిలోలు. వేరుచేసిన తరువాత మూడు నాలుగు రోజులపాటు రాత్రింబగళ్లు తల్లులూ పిల్లలూ అరుస్తూనే ఉంటాయి. ఆ అరుపుల మధ్య పనిచేయడం కొత్తవానికి కష్టంగా ఉంటుంది. చూలు నిలవని ఆవులను ఏరి అమ్మివేస్తారు. మంచు పడేనాటికి చాలామంది పనివారు సెలవు పుచ్చుకుంటారు.

పశువులను తోలడంలో అరుపులు, అదిలింపులు అనుభవశూన్యుని లక్షణం. ఆవు భుజానికి వెనుకపక్కన అడుగువేస్తే అది ముందుకు నడుస్తుంది. భుజాన్ని దాటి ముందుకు పోతే ఆగి వెనుదిరుగుతుంది. ఈ చిన్న సూత్రం తెలిసినవాడు ఒక్కడే చేసే పనిని, తెలియనివారు నలుగురు కలిసి చెడగొట్టగలరు.

గొర్రెల రాంచ్‌లది వేరొక కథ. అక్కడ కాపరి నెలల తరబడి మందతోనే కొండలలో ఉంటాడు, చక్రాలబండియే అతని ఇల్లు. పూర్వం ఈ పనికి స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దులలోని బాస్కు జాతివారు ఎక్కువగా వచ్చేవారు. తరువాతి కాలంలో పెరూ దేశపు కాపరులు ఎక్కువైనారు. మన కురుమలు, గొల్లలు గడ్డికోసం మందలను తోలుకొని ఊళ్లు దాటిపోయి, కోతలయిన పొలాలలో మంద కట్టించడం మనం ఎరుగుదుము. కాపరి ఒంటరితనం ఏ దేశంలోనైనా ఒక్కటే. తేడా ఏమంటే మన కాపరి తరచుగా తన మందతో, తనవారితో పోతాడు. పెరూ కాపరి పరుల మందకోసం తనవారిని విడిచిపోతాడు.

ఈ పనులు ఎట్లా దొరుకుతాయి? స్థానిక పత్రికలలోని ప్రకటనలు, పశువుల దాణా అమ్మే దుకాణాల గోడలపై అంటించిన కాగితాలు, రాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగ కార్యాలయాలు, అన్నిటికన్న మిన్నగా తెలిసినవారి నోటిమాట ఇందుకు మార్గాలు. అతిథులను చేర్చుకొని గుర్రపుస్వారీ, పల్లెబతుకు చూపించే ‘డ్యూడ్ రాంచ్’లు కొన్ని ఉన్నవి, వాటి సంఘం 1926లో స్థాపితమైనది. వాటికి వేసవిలో వంటవారు, గదులు సర్దేవారు, గుర్రాలు చూచేవారు కావాలి. వేసవి పనివారిని చలికాలంలోనే ఎంపికచేస్తారు కనుక మే నెలలో దరఖాస్తు పెట్టేవాడు ఆలస్యంగా మేల్కొన్నట్లే. దరఖాస్తులో మీకు వచ్చిన పని, రానిపని నిజాయితీగా వ్రాయాలి. గుర్రపుస్వారీ రాకపోయినా నేర్పుతారు; వచ్చునని బొంకినవాడు మొదటి ఉదయాననే నేలపై కనిపిస్తాడు.

అంతకన్న ముఖ్యమైనది ఒడంబడిక. జీతం ఎంత, ఎన్ని వారాలకు, బస ఎక్కడ, భోజనం ఎవరిది, వారానికి సెలవు ఉన్నదా, గాయపడితే వైద్యం ఎవరు చేయిస్తారు అన్న ఆరు ప్రశ్నలకు జవాబులు కాగితంమీద ఉండాలి. ఎందువల్ల ఇంత పట్టుదల? 1938 నాటి కార్మికప్రమాణాల చట్టం ప్రకారం అధికవేళ పనికి ఒకటిన్నర రెట్లు చెల్లించవలసిన నియమం వ్యవసాయ కూలీలకు నేటికీ వర్తించదు. ముఖ్యంగా బీళ్లలో పశువులను కాచే పనిలోనే ఉండేవారికి ఆ చట్టపు కనీసవేతనపు రక్షణ కూడా లేదు. సంఘంగా ఏర్పడి బేరమాడే హక్కును కాపాడిన 1935 నాటి చట్టం కూడా వ్యవసాయ కూలీలను విడిచిపెట్టింది. కొన్ని రాష్ట్రాలు తమ చట్టాలతో ఈ లోటు కొంత పూడ్చినవి. తక్కినచోట్ల కూలివానికి రక్ష అతని ఒడంబడిక కాగితమే.

పరదేశీయులకు ప్రత్యేకమైన నియమాలు ఉన్నవి. 1986 చట్టంతో ఏర్పడిన హెచ్-2ఏ వీసాపై వచ్చే ఋతుకార్మికునికి యజమాని ఉచితంగా బస చూపించాలి, భోజనమో, వంట చేసుకొనే సౌకర్యమో ఏర్పరచాలి, పనిముట్లు ఇవ్వాలి, ఒడంబడిక పూర్తిచేసినవానికి తిరుగుప్రయాణపు ఖర్చు భరించాలి. సాధారణంగా ఒప్పుకున్న పనిగంటలలో నాలుగింట మూడువంతులకైనా పని చూపించాలి, లేదా జీతం చెల్లించాలి. పని ఇప్పిస్తామని కార్మికునివద్ద రుసుము గుంజడం నిషిద్ధం. కనుక ముందుగా సొమ్ము అడిగే దళారి ఏ ఊరివాడైనా అతనికి నమస్కారం పెట్టి దూరంగా తొలగిపోవాలి.

మన విద్యార్థుల సంగతి వేరు. చదువుకొరకు ఇచ్చే ఎఫ్-1 వీసాపై ఉన్నవారు తగిన అనుమతి లేకుండా విశ్వవిద్యాలయం వెలుపల జీతానికి పనిచేయరాదు. సరదాకు చేరిన రెండునెలల పని ఏళ్లతరబడి కష్టపడి సంపాదించిన చదువుకే ముప్పు తేగలదు. తమతమ దేశాలలో చదువుకొనే విద్యార్థులు సెలవులలో గరిష్ఠంగా నాలుగు నెలలు పనిచేయడానికి జే-1 పద్ధతి ఒకటి ఉన్నది. అది అతిథి సేవలవంటి కొలువులకే గాని పశుపోషణకు వర్తించదు. ముందుగా విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూచే అధికారిని అడిగి, ఆ తరువాతనే అడుగు వేయడం వివేకం.

రాంచ్‌లలో కొత్తవానికి మొదట నేర్పే నియమం గేటును గురించినది. తెరచి ఉన్న గేటును తెరచే ఉంచు, మూసి ఉన్నదానిని మూసే పో. ఒక్క గేటు పొరపాటున తెరచిపోతే రెండు మందలు కలిసిపోయి, వారంరోజుల శ్రమ వృథా అవుతుంది. ఇది చూడడానికి చిన్న నియమమే. అయితే పరుల మంద, పరుల భూమి, పరుల కష్టం తన చేతిలో ఉన్నదన్న ఎరుక అందులో ఇమిడి ఉన్నది. ఆ ఎరుకగల కూలివాని విషయంలో యజమానికీ అటువంటి బాధ్యతయే ఉన్నది. 1883లో సమ్మెకట్టిన కౌబాయ్‌లు కోరినది జీతపు రూపంలో ఆ గుర్తింపునే. వారికి నాడు కాగితం లేదు, చట్టం లేదు. నేడు పోయేవారికి ఆ రెండూ కొంతవరకైనా ఉన్నవి. వాటిని చదివి పోవడమే వారు చేయవలసిన మొదటి పని.